చిటికెడు, సోలెడు, మూడు పూటలు



మన ఊరి డాక్టరు గారి పేరిట ఏటా జరిగే ఈ స్మారక సభలో మాట్లాడమని పిలిచి, విషయం మీ ఇష్టమన్నారు. ఆయన స్టెతస్కోపు పట్టిన వైద్యుడు. నేను ఫార్మసీ కాలేజీలో మొక్కల మందుల పాఠాలు చెప్పుకుని రిటైరైనవాణ్ణి. మా ఇద్దరికీ ఒకే కుతూహలం ఉండేది: రోగి ఆస్పత్రి గడప తొక్కేలోపు ఇంట్లో ఏం చేసుకున్నాడు? కాబట్టి ఇవాళ ఇంటి వైద్యం గురించే మాట్లాడతాను.

ఆయనకు చూపించుకున్నవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీకు గుర్తుండే ఉంటుంది. "దగ్గు ఎన్నాళ్ళ నుంచి?" అన్నాక ఆయన అడిగే రెండో ప్రశ్న, "ఇంట్లో ఏం వాడారు?" కషాయం తాగానంటే ఊరుకునేవారు కాదు. దేంతో కాచారు? ఆకా, బెరడా, వేరా? పచ్చిదా, ఎండుదా? ఎన్ని నీళ్ళు పోసి ఎంతకి దించారు? పాతకాలపు మామ్మగారెవరైనా "సోలెడు నీళ్ళు పోసి గిద్దెడుకి దించాను నాయనా" అంటే ఆయన ముఖం విప్పారేది. "ఏదో కొంచెం వేసి మరగబెట్టామండీ" అంటే మాత్రం కలం కింద పెట్టేసి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "కొంచెం అంటే?" అనేవారు. మందుల చీటీకి ఎడమవైపు పై మూలన, తాను రాసే మందుల కంటే ముందు, రోగి ఇంట్లో మింగినదంతా రాసేవారు. వాము నీళ్ళు, నాలుగు రోజులు. నేల ఉసిరి పసరు, మూడు పూటలు. కాకర రసం, లెక్క తెలియదు. అలాంటి చీటీలు కొన్ని మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ "కొంచెం అంటే?" చుట్టూనే తిరుగుతుంది. మన ఇళ్ళలో మొక్కల పేర్లు ఇంకా బతికే ఉన్నాయి. తులసి, వాము, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, తిప్పతీగ అంటే పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు, కరోనా పుణ్యమా అని. పోయింది కొలత. కొలత వెంటే గడువూ పోయింది. ఎంత వేయాలో, ఎన్ని పూటలు చూసి మానెయ్యాలో చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.

మన పాత కొలతలు ఊరికే నోటిమాటలు కావు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. పొడులకు చిటికెడు, గింజలకు చారెడు, ఆకుకు గుప్పెడు. మాత్ర కడితే శనగగింజంత, కుంకుడుగింజంత. లేహ్యమైతే ఉసిరికాయంత. తూకానికి గురివింద గింజ. తమాషా ఏమిటంటే ఆ గురివింద గింజ నమిలి మింగితే ప్రాణాంతకమైన విషం. మందును తూచడానికి విషాన్నే పెట్టుకున్నారు మనవాళ్ళు! 1956 చట్టంతో దేశమంతా మెట్రిక్ కొలతలు వచ్చాయి. బజారుకు అది మేలే చేసింది. వంటింట్లో మాత్రం సోల పోయి ఆ స్థానంలో మిల్లీలీటరు రాలేదు, గ్లాసు వచ్చింది. మీ ఇంటి గ్లాసూ మా ఇంటి గ్లాసూ ఒక్కటి కాదు.

కషాయం సంగతే చూడండి. శార్ఙ్గధర సంహితలో లెక్క ఉంది: ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్ళు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా సన్నని సెగ మీద కాచాలి. మన ఇళ్ళలో దాన్ని సులువు చేసుకుని నాలుగు వంతులు ఒక వంతుకు దించేవారు. ఏదైనా అది లెక్కే. ఇప్పుడు? ఆకులన్నీ మిక్సీలో వేసి గరగరా తిప్పి, వడకట్టకుండా పచ్చి రసం పెద్ద గ్లాసుతో తాగేయడం. తెల్లవారుజామున పార్కుల ముందు బండి మీద అమ్మే రసాలు చూస్తుంటే నాకు గుండె దడ. కాచిన దానికీ పచ్చిగా నూరిన దానికీ గుణం ఒక్కటి కాదు, గుప్పెడు ఆకుకీ గ్లాసెడు రసానికీ అసలు పొంతనే లేదు. సొరకాయ కూర తిని చచ్చినవాడి గురించి నేను వినలేదు. సొరకాయ రసం తాగి చనిపోయినవాళ్ళు మన దేశంలో ఉన్నారు. ఒక్కోసారి ఆ కాయలో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం పేరుకుంటుంది. కూరలో చేదు తగలగానే పళ్ళెం పక్కకు నెట్టేస్తాం. ఆరోగ్యం పేరుతో తాగే రసం ఎంత చేదుగా ఉంటే అంత మంచిదనుకుని గుటుక్కున మింగుతాం. ఐసీఎంఆర్ నిపుణుల సంఘం కూర్చుని, రసం చేదుగా ఉంటే పారబోయమని దేశానికి చెప్పాల్సి వచ్చింది. కలబందతోనూ ఇదే తంటా. లోపలి జిగురు వేరు, తొక్క కింద కారే పసుపుపచ్చని సొన వేరు. ఆ సొన ఎండబెడితే వచ్చేదే మూసాంబరం, గట్టి విరేచనాల మందు. మట్ట మొత్తం నరికి మిక్సీలో వేసినవాడు ఆ పూటంతా ఎక్కడ గడిపి ఉంటాడో చెప్పక్కర్లేదు.

ఇలా మాట్లాడితే నేను ఆకులకు విరోధినని మీరు అనుకోవచ్చు. నా బతుకంతా ఆకులతోనే గడిచింది. అడ్డసరం కథ చెబుతాను వినండి.

మన పొలాల గట్ల మీద, గుడి వెనక, చెరువుగట్టు పక్కన పెరిగే చెట్టు. తెల్లని పూలు, నోరు తెరిచినట్టుంటాయి. మేకలు కూడా ముట్టవు, అంత చేదు. దగ్గుకి, కఫానికి దీని ఆకు కషాయం ఎన్ని తరాలుగా వాడుతున్నారో. రసాయన శాస్త్రవేత్తలు దీని ఆకులోంచి వాసిసిన్ అనే పదార్థాన్ని విడదీశారు. దాని నిర్మాణాన్ని ఆధారం చేసుకుని 1960లలో జర్మనీలో బ్రోంహెక్సిన్ అనే మందు తయారు చేశారు. మాత్రకు 8 మిల్లీగ్రాములు. ఆ బ్రోంహెక్సిన్ ఒంట్లో మారి తయారయ్యేదే ఆంబ్రాక్సాల్. ఇంటికి వెళ్ళాక పిల్లల దగ్గు సిరప్ సీసా మీద లేబుల్ చదవండి, ఈ రెండు పేర్లలో ఏదో ఒకటి కనబడవచ్చు. అంటే మందుల షాపులో డబ్బులిచ్చి కొనేదానికీ చెరువుగట్టు మీది చెట్టుకూ చుట్టరికం ఉంది. మరి తేడా? ఆ సీసాలో స్పూనుకి ఎంత మందు ఉందో అచ్చు వేసి ఉంటుంది. ఆకులో ఎంత ఉందో ఆకు చెప్పదు. లేతదా ముదురుదా, వానాకాలం కోసిందా ఎండాకాలం కోసిందా, దాన్ని బట్టి మారిపోతుంది. ఇంకొకటి. వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. అందుకే కడుపుతో ఉన్నవాళ్ళకు అడ్డసరం ఇవ్వకూడదు. ఈ సంగతి మన మంత్రసానులకు తెలుసు. ఫోనులో వచ్చే చిట్కాల వీడియోకి తెలియదు.

పసుపు గురించి చెప్పకుండా తెలుగువాళ్ళ సభలో మందుల మాట ముగియదు, దుగ్గిరాల, నిజామాబాద్ యార్డులు రెండూ మనవే కదా. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి పసుపు గాయాలను మాన్పుతుందన్న దాని మీద పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ వాళ్ళు ఎదురు తిరిగి, పాత సంస్కృత గ్రంథాలూ, 1953లో మన దేశపు వైద్య పత్రికలో అచ్చయిన ఒక వ్యాసమూ తీసుకెళ్ళి చూపించారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ తర్వాతే 2001లో సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా భద్రపరచడం మొదలైంది. మా అమ్మమ్మ పసుపు అద్దేదన్న మాటతో అక్కడ పని జరగలేదు, కాగితం అడిగారు. దీని దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

ఆ పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్ళ చుట్టుపక్కల ఉంటుంది. పాలలో వేసుకునే అర చెంచా పసుపులో అది మహా అయితే కొన్ని పదుల మిల్లీగ్రాములు. అదీ ఒంటికి సరిగా పట్టదు. కాలేయం దాన్ని వెంటనే బయటికి తోసేస్తుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాలలోని పిపెరిన్ కలిపి ఇస్తే కుర్కుమిన్ రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువగా చేరుతుందని చూపించారు. పాలలో పసుపుతో పాటు మిరియాల పొడి వేసే అత్తగార్లు ఈ మాట విని మురిసిపోవచ్చు. అయితే కథ అక్కడితో ఆగలేదు. వ్యాపారులు కుర్కుమిన్‌ని పిండి తీసి, పిపెరిన్ కలిపి, వందల మిల్లీగ్రాముల గుళికలుగా అమ్మడం మొదలుపెట్టారు. ఇటలీలో, అమెరికాలో ఆ గుళికలు వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు డాక్టర్లు ప్రకటించారు. పులుసులో పసుపు వేసుకున్న ఇల్లాలికి ఏ నష్టమూ లేదు. అదే వస్తువు, కొలతే మారింది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయానికి వస్తాను. ఇరవయ్యో శతాబ్దంలో లోకంలో అత్యధిక ప్రాణాలు కాపాడిన ఇంటి మందు ఏదని ఎవరైనా అడిగితే నేను ఏ మూలిక పేరూ చెప్పను. ఉప్పు, చక్కెర, నీళ్ళు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం. కాందిశీకులు లక్షల్లో బెంగాల్ సరిహద్దు దాటి బన్‌గావ్ శిబిరాలకు చేరారు. కలరా వచ్చింది. సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పోయించి, రోగుల పక్కన ఉన్న బంధువుల చేతే తాగించాడు. ఆ శిబిరంలో కలరా మరణాలు నూటికి ముప్ఫై నుంచి నాలుగు లోపుకి పడిపోయాయి. అంతకుముందే ఢాకాలో పరిశోధకులు ఈ ద్రావణం పనిచేస్తుందని తేల్చారు. చిన్నపేగులో ఉప్పు లోపలికి వెళ్ళాలంటే చక్కెర తోడు కావాలి, రెండూ కలిసి వెళుతూ నీటిని వెంట తీసుకుపోతాయి. అయితే పాళ్ళు సరిగ్గా కుదరాలి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. చక్కెర ఎక్కువైతే అది పేగులోకే నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి లెక్క: లీటరు నీటికి చదునుగా కొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. అంతే.

మరి టీస్పూనే లేని ఇంట్లో? బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఈ ప్రశ్నతోనే 1979లో పల్లెలకు వెళ్ళింది. తర్వాతి పదేళ్ళలో ఆ సంస్థ ఆడపిల్లలు కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు వెళ్ళి, ఒక్కొక్క తల్లి ముందు కూర్చుని నేర్పించారు. వాళ్ళ లెక్క ఏమిటో తెలుసా? మూడు వేళ్ళతో, చూపుడువేలి మొదటి గీత దాకా తీసిన చిటికెడు ఉప్పు. నాలుగు వేళ్ళతో తీసిన గుప్పెడు బెల్లం. అర సేరు నీళ్ళు. మన చిటికెడూ, మన గుప్పెడూ! కాకపోతే వాళ్ళు చిటికెడు అని ఊరుకోలేదు, ఏ గీత దాకానో చెప్పారు. నేర్పించి వచ్చేశాక వేరేవాళ్ళు కొన్ని ఇళ్ళకు వెళ్ళి ఆ తల్లిచేత మళ్ళీ చెప్పించుకునేవారు, కలిపిన నీళ్ళు తీసుకెళ్ళి పరీక్ష చేయించేవారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పిన అమ్మాయికి అంత జీతం. కాలేజీలో నేను చెప్పిన పాఠానికి ఈ పద్ధతిలో జీతమిచ్చి ఉంటే నా సంగతి ఏమయ్యేదో, అది వేరే మాట.

విరేచనాలైన పిల్లవాడికి ఉప్పేసిన గంజి, పలచని మజ్జిగ పట్టే తల్లులు మన ఊళ్ళలో ఎప్పుడూ ఉన్నారు. మంచి పనే. కానీ నీళ్ళు పడితే విరేచనాలు ఎక్కువవుతాయని నోరు ఎండగట్టిన ఇళ్ళు కూడా మన ఊళ్ళలోనే ఉండేవి. లంఖణం పరమౌషధం అన్న సామెతను పసిబిడ్డకు అన్వయించినవాళ్ళ దగ్గర డాక్టరు గారికి మాట కరుకయ్యేది. ఆయన అంతగా కోప్పడ్డం నేను ఇంకే విషయంలోనూ చూడలేదు.

ఇక పచ్చకామెర్లు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ జిల్లాలో పసరు పోసే ఊళ్ళు ఏవో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేల ఉసిరి మీద నాకు గౌరవం ఉంది. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి, లాన్సెట్‌లో ఒక వ్యాసం అచ్చువేశారు. ఆ వైరస్ ఒంట్లో మోస్తున్నవాళ్ళకు ముప్ఫై రోజులు నేల ఉసిరి పొడి ఇస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో దాని జాడ పోయిందని, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయిందని రాశారు. దేశం ఉప్పొంగింది. తర్వాత ఇతర దేశాల్లో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్న అక్కడే నిలిచిపోయింది. ఇలాంటివి జరుగుతాయి, మొక్క మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు.

ఊళ్ళో కామెర్లు ఎక్కువగా కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. ఆరోగ్యవంతుడికి ఇవి చాలావరకు కొన్ని వారాల్లో ఏ మందూ లేకుండానే సర్దుకుంటాయి. అలా సర్దుకునే జబ్బుకు పసరు పోస్తే పేరు పసరుకే వస్తుంది. దాంతో ఊరూరా నమ్మకం పెరుగుతుంది. ఆ నమ్మకంతోనే నెలలు నిండిన గర్భిణిని కూడా పసరుకే తీసుకెళతారు. చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ సోకిన తల్లుల్లో నూటికి ఇరవై, ఇరవై ఐదుగురు దాకా చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినవాడికీ అదే పసరు. కళ్ళు పచ్చబడటం ఒక్కటే, కారణాలు పది. చేతిమీద వాత పెట్టేవాళ్ళ గురించి నేనేమీ మాట్లాడను. ఆ మచ్చలు ఉన్నవాళ్ళు కొందరు ఇక్కడే కూర్చున్నారు.

గడువు అన్నాను. పాతకాలపు ఇంటి వైద్యంలో "మూడు పూటలు చూద్దాం" అన్న మాట ఉండేది. జలుబు, అజీర్తి, ఒళ్ళు నొప్పులు, కడుపు ఉబ్బరం, చిన్న గాయం, పంటిపోటు. ఇవీ ఇంటి వైద్యం పరిధి. పంటిపోటుకు లవంగం పెడితే నొప్పి తగ్గుతుంది. అందులోని యూజినాల్ అనే నూనెని పంటి డాక్టర్లు కూడా వాడుతూ వచ్చారు. అయినా పుచ్చిన పన్ను పుచ్చిపోతూనే ఉంటుంది. వాము నమిలితే పొట్ట తేలికపడుతుంది. మూడు పూటలైనా పొట్ట దిగకపోతే, కుడివైపు కింద నొప్పి మొదలైతే, వాము డబ్బా మూత పెట్టేయాలి.

కొన్నిటికి మూడు పూటల గడువు కూడా లేదు. పాము కాటుకు ఇంట్లో మందు లేదు. మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో పోతున్నారని 2020లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. వేరు నమిలించి, చేదు తెలుస్తోందా లేదా అని అడుగుతూ కూర్చున్న గంటలో విషానికి విరుగుడు ఇంజెక్షను ఇచ్చే ఆస్పత్రికి చేరవచ్చు. కుక్క కరిస్తే కారం, సున్నం, కాఫీపొడి అద్దుతారు. ఇంట్లో చేయగలిగిన గొప్ప వైద్యం ఒకటుంది: కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలు చాలా పొడుగ్గా ఉంటాయి. ఆ తర్వాత టీకాకు వెళ్ళాలి. కాలితే చల్లని కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు. ఇంకూ వద్దు, టూత్‌పేస్టూ వద్దు. ఇవన్నీ కూడా ఇంటి వైద్యాలే, ఆకు లేదన్న మాటే గానీ.

పసిపిల్లల విషయం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఉగ్గుగిన్నెతో తాగించేవన్నీ ప్రేమతోనే తాగిస్తాం. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు, అందులో బొట్యులిజం బీజాలు ఉండవచ్చు. ముక్కులో, గొంతులో ఆముదం చుక్కలు వేయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా. కర్పూరం బిడ్డ మింగితే ఫిట్సు వస్తాయి. వస కొమ్ము అరగదీసి పోస్తే మాటలు తొందరగా వస్తాయంటారు. వసపిట్టల్లా మాట్లాడే వాళ్ళకు మన దగ్గర కొరత లేదు. వసలో బీటా అసరోన్ ఉందని అమెరికాలో 1968లోనే దాన్ని ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించారు.

పెద్దవాళ్ళ చిక్కు వేరే. మన మామ్మల కాలంలో మందంటే కషాయం ఒక్కటే. ఇప్పుడు అరవై దాటిన ఇంట్లో ప్రతివాళ్ళకీ ఒక మందుల డబ్బా ఉంది. షుగరు మాత్ర వేసుకుంటూ కాకర రసం, మెంతుల పొడి, పొడపత్రి కలిపి వాడేవారికి తెల్లవారుజామున షుగరు పడిపోయి చెమటలు పడతాయి. బీపీ ఉన్నవాళ్ళు గొంతు గరగర తగ్గుతుందని అతిమధురం వారాల తరబడి నమిలితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. డాక్టరు గారు చీటీ మూలన రాసుకున్నది ఇందుకే. ఈనాటి కార్పొరేట్ ఆస్పత్రి కంప్యూటర్లో ఆ మూల లేదు, అడిగే తీరికా లేదు. అడిగినా మనం చెప్పం, తిడతారని.

కరోనా రోజుల్లో ఇంటి వైద్యం పూర్తిగా వీధిలోకి వచ్చింది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం బారులు తీరారు. ఒక దశలో పంపిణీ ఆపి, నివేదికలు తెప్పించుకుని, మే 31న ప్రభుత్వం కళ్ళలో వేసే చుక్కలు మినహా మిగతావాటికి అనుమతి ఇచ్చింది. ఆక్సిజన్ సిలిండరు దొరకని రోజుల్లో ఆ వరుసలో నిలబడ్డవాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. కానీ కంట్లో చుక్కల దగ్గర ప్రభుత్వం ఆగడం సబబే. మింగినదాన్ని వడకట్టడానికి కాలేయం ఉంది, కంటికి అలాంటి కాపలా లేదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో కంటి డాక్టర్లను అడగండి. అదే ఏడాది ముంబయిలో తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం వాచిన కేసులు బయటపడ్డాయి. అది అసలు తిప్పతీగ కాదు, దాన్ని పోలిన మరో తీగ అయి ఉండవచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఆ రెండో తీగకు కాండం మీద బొడిపెలు బాగా ఎక్కువ. వాదన ఎటు తేలినా, కోసేవాడికి తీగ తెలియాలన్నది అందులోనే తేలిపోయింది.

డాక్టరు గారి గదిలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ఉండేది. భీమవరంలో పుట్టి, ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధికి పోగొట్టుకుని, తనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నవాడాయన. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్ళి, ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసిన బృందాన్ని నడిపించాడు. స్ప్రూకి ఇప్పుడు ఇచ్చే మందుల్లో అది ఒకటి. నయమైనందుకు దండం పెట్టి ఊరుకోకుండా, నయం చేసిందేమిటని వెతికిన మనిషి.

మనందరం సుబ్బారావులం కాలేం గానీ, రాయగలం. పసుపు పేటెంటు రద్దయింది 1953 వ్యాసమూ పాత గ్రంథాలూ కాగితం మీద ఉండబట్టే అన్నాను కదా. మన ఊరి ఇంటి వైద్యం ఏ గ్రంథంలోనూ లేదు. తెలిసినవాళ్ళకు ఎనభై దాటాయి.

గ్రంథాలయం వారిని అడిగి బయట బల్ల మీద పెద్ద నోటుపుస్తకం ఒకటి పెట్టించాను. గళ్ళు నేనే గీశాను. మన ఊళ్ళో పిలిచే పేరు, ఏ భాగం, ఎంత, ఎన్ని నీళ్ళకు ఎంత దించాలి, ఎన్ని పూటలు, ఎవరికి ఇవ్వకూడదు, ఎవరు చెప్పారు. "కొంచెం" అని రాస్తే కొట్టేస్తాను, ముందే చెబుతున్నా. మొదటి పేజీలో అడ్డసరం రాశాను. మా అక్క ఐదు ముదురాకులంటుంది, పక్కింటి పిన్నిగారు మూడు చాలంటారు. ఇద్దరూ పట్టువదలకపోతే రెండూ వేశాను. వాము, శొంఠి పేజీలు ఖాళీగా ఉన్నాయి. బాలింత కాయం చేయడం వచ్చినవాళ్ళు ఈ సభలో కనీసం ముగ్గురు ఉన్నారు, నేను చూశాను, వెనక వరుసలో కూర్చుని తప్పించుకోవాలనుకుంటున్నారు. భోజనాలకు ముందే రాసి వెళ్ళండి. పెన్ను దారంతో కట్టి ఉంది.